జాన్ బీ భయపడిన రోజు

"పండుకున్న మనిషిని సూస్తె ఏం తెలుస్తది బిడ్డా? పండుకున్నంక అందరు ఒక్కతీర్గనే ఉంటరు. పరుపు విప్పాలె. విప్పితె గప్పుడు తెలుస్తది, మనిషి ఎసొంటిదో."

జాన్ బీ ఈ మాట చెప్పి, పళ్ల మధ్య పట్టుకున్న దారాన్ని పుటుక్కున తెంపి, పెద్ద సూదిని పరుపు అంచులో దించింది. అరవై అయిదేళ్లు దాటిన చేతులు. వేళ్ల కొసలు కాయలు కట్టి ఉన్నాయి. బోయిగూడలో రైలు పట్టాల చప్పుడు వినిపించే సందులో, రెండు గదుల ఇంటి ముందు చాప పరుచుకుని ఆమె పని చేస్తూనే మాట్లాడుతుంది. ముచ్చట వినడానికి వచ్చినవాళ్లు ఆ చాప మీదే ఓ పక్క ఒదిగి కూచోవాలి. దూది పోగు మీద కాలు పడకూడదు. అంతే, వేరే మర్యాదలేమీ లేవు.

వాళ్లది దూదేకుల ఇల్లు. కొత్త పరుపులు కుట్టడం, పాత పరుపులు విప్పి, దూదిని విల్లుతో ఏకి, మెత్తబరిచి మళ్లీ నింపడం తాతల నాటి పని. విల్లు పట్టేది ఆమె భర్త ఇమాం వలి. విప్పేదీ నింపేదీ కుట్టేదీ జాన్ బీ. అందుకే లోపలి సంగతులు ఆమెకు తెలిసినంత ఆయనకు తెలియవు. కలత మనిషి పరుపు విప్పితే దూది అంతా అంచులకు తరుముకుపోయి గడ్డలు గడ్డలుగా ఉంటుందట. నిమ్మళంగా ఉండే మనిషి పరుపులో నడిమధ్య ఒకటే గుంట, గిన్నె అడుగులాగా నున్నగా. కోపిష్టివాళ్ల పరుపులో కాళ్ల వైపు దూది నలిగి పొడి పొడి అయిపోతుంది. ఏడ్చేవాళ్లది తల దగ్గర అట్ట కడుతుంది.

రాంగోపాల్‌పేటలో ఎలీసబెతు టీచరమ్మ అని ఒకామె ఉండేది. మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. ఆమె పరుపు తల దగ్గర రొట్టెలాగా గట్టిపడి ఉండేది. అట్లాగని దుఃఖంలో మునిగి ఉండే మనిషా అంటే కాదు. మధ్యాహ్నం ఏడిస్తే సాయంత్రానికి పాటలు పాడేది. వానొస్తే ఏడుపు, వాన వెలిస్తే నవ్వు. ఆ ఏడుపుకు పెద్ద కారణం ఉండాల్సిన పని లేదు, ఆ నవ్వుకూ లేదు. ఆమె చెల్లెలు అదే ఇంట్లో, అదే తిండి తిని, అదే బడిలో పని చేసి, ఏడాదికి ఒక్కసారి కూడా కంటతడి పెట్టని మనిషి. ఎవరికి వాళ్లు అట్లా పుట్టారు. జాన్ బీ ఈ సంగతి పరుపులు ఇచ్చినవాళ్లకు ఎన్నడూ చెప్పలేదు. "నిద్ర మంచిగ పడుతున్నదా అమ్మా?" అని అడిగేది, వాళ్లు ఏం చెప్పినా తల ఊపేది, పరుపు చెప్పినదాని ప్రకారం ఎక్కడ ఎక్కువ దూది పెట్టాలో అక్కడ పెట్టేది.

మరి మీ పరుపు సంగతేమిటని నేను అడిగితే ఆమె నవ్వింది. వాళ్ల పరుపుకు ఇద్దరు మనుషులు. ఇమాం వలి పక్కన రాత్రంతా ఎవరో తన్నుకున్నట్టుగా గడ్డలు. ఆమె పక్కన గిన్నె గుంట. రెండేళ్లకోసారి విప్పినప్పుడల్లా ఆయన పక్క దూది నడిమి కుట్టు దాటి ఈమె పక్కకు వచ్చి ఉండేది.

జాన్ బీ పదహారో ఏట ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. వచ్చిన వారం రోజులకే మొగుడి గుణం అర్థమైంది. మబ్బు పడితే దూది చెమ్మగిల్లుతుందని ఆయనకు దిగులు. ఎండ కాస్తే నిప్పురవ్వ పడుతుందని దిగులు. గిరాకీ రాకపోతే ఏం తినాలని, గిరాకీ వస్తే అందరికీ ఎట్లా అందించాలని. చెడ్డవాడు కాదు, పిరికివాడు అసలే కాదు. రాబోయేది ఆయనకు మిగతావాళ్లకంటే ముందే కనబడేది, రానిది కూడా కనబడేది. ప్రతి సాయంత్రం అన్నం తిన్నాక గోడకు ఆనుకుని, ఆ రోజు దిగుళ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వరసగా చెప్పేవాడు. ఆమె ఊ కొడుతూ అంతా విని, చివర ఒకే మాట అనేది: "ఏం గాదు, పండు."

అది సలహా కాదు, ఓదార్పు కూడా కాదు. ఆమెకు నిజంగా ఏమీ కాదనే అనిపించేది, ఉన్న మాట చెప్పేది. ఆ మాట చెవిన పడితే ఆయన పొలం నుంచి వచ్చి చెప్పులు విడిచిన మనిషిలాగా ఒక్క నిట్టూర్పు విడిచి పడుకునేవాడు. భోజనం తర్వాత కొందరికి తమలపాకు పడాలి. ఆయనకు ఆ మాట పడాలి.

నలభై ఎనిమిదో సంవత్సరం వచ్చేసరికి ఆయన దిగుళ్లకు లోకం కూడా తోడయింది. సంస్థానం చుట్టూ రాకపోకలు బిగుసుకుని ఉప్పు దొరకడం లేదు, కిరసనాయిలు దొరకడం లేదు. రజాకార్లు వీధుల్లో కవాతు చేస్తున్నారు. ఇవాళో రేపో హిందుస్తాన్ పటాలం వస్తుందని ఒకరు, రానే రాదని ఒకరు. ఇమాం వలి మాత్రం ఎండాకాలం నుంచే ఉప్పు పోగు చెయ్యడం మొదలుపెట్టాడు. దొరికిన చోటల్లా గుప్పెడు గుప్పెడు తెచ్చి దిండు గలీబుల్లో పోసి మూతి కుట్టించాడు. ఇంట్లో ఉన్న ప్రతి కుండలోనూ నీళ్లు. గలీబులు కుట్టేది పక్కింటి దర్జీ తుకారాం. అతనికి నోరు ఊరుకోదు.

"ఇమామన్నా, పరుపులు బంద్ వెట్టి సముద్రం అమ్ముతవా ఏంది?" అని సందు అంతా వినేలా అనేవాడు.

సెప్టెంబరులో పటాలం వచ్చింది. ఆ అయిదు రోజులూ సందులో ఎవరూ గడప దాటలేదు. కొళాయి దగ్గరికి పోవడానికి కూడా జంకే ఆ రోజుల్లో ఇమాం వలి నీళ్లే ఆరిళ్లవాళ్లు తాగారు. ఆయన ఉప్పే తుకారాం పప్పులో పడింది. ఇక జాన్ బీ సంగతి. ఒక మధ్యాహ్నం విమానం మోత వినబడి అందరూ పిల్లలను పట్టుకుని గుమ్మాల కిందికి చేరితే, ఆమె నాలుగేళ్ల కూతురు నజ్మున్నీసాను పొట్టకు హత్తుకుని నిద్రపోతూ ఉంది. మోత పోయాక లేచి, అందరూ గుమ్మాల కింద ఎందుకు కూచున్నారని అడిగింది. సందు సందంతా నవ్వింది, తుకారాం పెళ్లాం అయితే కడుపు పట్టుకుని నవ్వింది. ఒక్క ఇమాం వలి నవ్వలేదు.

శుక్రవారం నాడు లడాయి ముగిసిందని రేడియోలో చెప్పారు. మర్నాడు మిలిటరీ బండ్లు కంటోన్మెంటు వైపు పోయాయి. కొందరు మిఠాయి పంచారు. కొందరు తలుపులు వేసుకున్నారు. మిఠాయి పంచినవాళ్లే తలుపు తట్టి జాన్ బీ చేతిలోనూ పెట్టారు, ఆమె తిన్నది. కానీ జిల్లాల నుంచి కబుర్లు రావడం మొదలైంది. రజాకార్లు చేసినదానికి ఇప్పుడు ముసల్మాను పేర్లున్న వాళ్ల మీద, ఏ పాపం తెలియని వాళ్ల మీద, కసి తీర్చుకుంటున్నారని. అందులో అబద్ధాలూ ఉన్నాయి, నిజాలూ ఉన్నాయి. జహీరాబాద్ దిక్కు నుంచి వచ్చిన ఒక మనిషి జాన్ బీ చిన్నాయన ఇల్లు తగలబెట్టారని, వాళ్లు కట్టుబట్టలతో బయటపడి ఎవరి కొట్టంలోనో తలదాచుకున్నారని చెప్పాడు.

ఇమాం వలి ఆ మాట విని కూలబడి ఏడ్చాడు. ఆయన చిన్నాయన కూడా కాదు. రెండు పూటలు ముద్ద ముట్టలేదు. జాన్ బీ లేచి పొయ్యి మీద ఎసరు పెట్టింది. ఆ మనిషికి అన్నం వడ్డించింది. అతను తినే లోపల ఇంట్లో ఉన్న రెండు రజాయిలు, తన చీర ఒకటి, ఒక గలీబు ఉప్పు మూట కట్టి, చిన్నాయనకు అందించమని చేతికిచ్చింది. ఆ తర్వాత రాంగోపాల్‌పేట టీచరమ్మ పరుపు విప్పడానికి కూచుంది.

అప్పుడన్నాడు ఆయన. "నీకు గుండె ఉన్నదా అసలు? నీ చిన్నాయన ఇల్లు కాలితే దూది పీకుతవా?"

ఈ మాట చెబుతున్నప్పుడు జాన్ బీ సూది ఆగింది. నలభై ఏళ్ల కిందటి మాట. ఆమెను ఎవరూ తిట్టలేదని కాదు, అత్త తిట్టింది, గిరాకీలు తిట్టారు, ఏ తిట్టూ సాయంత్రం దాకా నిలవలేదు. ఈ మాట నిలిచింది. మనసులో ఏమీ లేక కాదని ఆమెకు తెలుసు. "నాకు దుక్కం చేతులకొస్తది బిడ్డా, కండ్లకు రాదు. ఏం జెయ్యాలె? గట్ల పుట్టిన," అంది. కానీ అప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్లు. ఆ రోజంతా దూది పీకుతూ, నిజంగానే తనలో ఏదన్నా తక్కువైందేమోనని ఆలోచించింది. ఎలీసబెతు టీచరమ్మ పరుపులో తల దగ్గరి అట్టను చేతిలో పట్టుకుని, ఇంత ఏడుపు ఒక మనిషికి ఎక్కడి నుంచి వస్తుందా అని చూస్తూ ఉండిపోయిందట.

సాయంత్రమైంది. ఇమాం వలి గోడకు ఆనుకుని దిగుళ్లు షురూ చేశాడు. పటాలం వచ్చిన నాటి నుంచీ ఆ జాబితాకు చివర ఒకటే మాట. కర్నూలులో అన్న పీరా ఉన్నాడు, అక్కడ మనవాళ్లు చాలా మంది ఉన్నారు, అందరం పోదామా అని. రోజూ అనేవాడు, రోజూ ఆమె ఏం గాదు, పండు అనేది, అక్కడికి ఆ మాట ముగిసేది.

ఆ రోజు ఆమె అనలేదు. "అవ్. నాకు సుత మస్తు భయమైతున్నది. పోదాం పా," అంది.

తనకూ గుండె ఉందని చూపించాలనుకుంది. తోడు భయపడేవాళ్లు దొరికితే ఆయనకు జెర ఊరటగా ఉంటుందని కూడా అనుకుంది. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే విల్లుకు నారి విప్పేశాడు. తండ్రి చేతుల్లోంచి వచ్చిన విల్లు. దాన్ని బట్టలో చుట్టి తీసుకుపోయి తుకారాం చేతిలో పెట్టాడు, ఇంటి తాళంచెవి కూడా. రెండు మూటలు కట్టాడు. ఎలీసబెతు టీచరమ్మ దూది సగం ఏకింది సగం ఏకనిది గదిలో కుప్పగా పడి ఉంది. జాన్ బీ ఇదంతా చూస్తూ, ఎప్పటిలాగే మధ్యాహ్నానికి చల్లబడతాడులే అనుకుంది. మధ్యాహ్నానికి కూతురిని చంకనేసుకుని ఆయన వెనక సికింద్రాబాద్ స్టేషను దారిలో నడుస్తూ ఉంది. తుకారాం సందు చివరిదాకా వచ్చాడు. అతనికి ఆ రోజు ఒక్క ఎకసెక్కెం కూడా నోటికి రాలేదు.

స్టేషను నిండా జనం. కొందరు వచ్చేవాళ్లు, కొందరు పోయేవాళ్లు, ఎటు పోవాలో తెలియనివాళ్లు కొందరు. గేటు దగ్గర సిపాయిలు నిలబడి ఉన్నారు. కర్నూలు పోయే బండి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఇమాం వలి మూట మీద కూచుని మోకాళ్ల మధ్య చేతులు దోపుకున్నాడు. జాన్ బీకి అప్పుడు తట్టింది: ఇల్లు దాటిన దగ్గర నుంచీ ఈయన ఒక్క దిగులు కూడా పైకి చెప్పలేదు. టికెట్ల సంగతి లేదు, తిండి సంగతి లేదు, పిల్లకు ఎండ తగులుతుందని కూడా అనలేదు.

"టీచరమ్మ దూది అట్లనే ఉండె," అంది నెమ్మదిగా.

"ఉండనీ," అన్నాడు.

పదేళ్ల కాపురంలో ఆయన ఒకరి దూదిని సగంలో వదిలింది లేదు. ఎలుకలు పడతాయని, చెమ్మ పడుతుందని, చీకటి పడినా ముగించి లేచేవాడు. ఆ ఒక్క మాటతో ఆమెకు సంగతి అర్థమైంది. ఆయన ఇన్నేళ్లూ భయపడింది జాన్ బీ భయపడదన్న ధైర్యంతో. ఆమె వెనక గోడలాగా నిలబడి ఉంటే ఎన్ని దిగుళ్లయినా పడేవాడు. అట్లాంటిది, విమానం మోతకు నిద్ర లేవని మనిషికే భయమైందంటే ఇక లోకం నిజంగా మునిగినట్టే కదా. కర్నూలు మాట అన్నప్పుడల్లా ఆయన ఎదురుచూసింది ఆమె వద్దంటుందనే. ఆమె ఉత్తుత్తి భయం చూపబోయి ఆయన ఇల్లూ, విల్లూ, నోటి మాటా మూడూ పోగొట్టింది. ఈ బండి ఎక్కితే అవి మళ్లీ రావు.

"ఇగో, జెర ఇటు సూడు," అంది. "నాకు భయం లేదు."

"నిన్న ఉన్నదంటివి."

"అబద్దం జెప్పిన. గుండె లేదంటివి గద. ఉన్నదని సూపిద్దామనుకున్న."

ఆయన ఆమె ముఖాన్ని చాలాసేపు చూశాడు, దూదిలో చెమ్మ ఉందా లేదా అని వేళ్ల మధ్య నలిపి చూసినట్టుగా. "ఇప్పుడు జెప్పేది అబద్దం గాదని ఏం నమ్మకం? నాకోసం అంటున్నవ్," అన్నాడు.

ప్రమాణాలు చేస్తే నమ్మే స్థితిలో లేడు. మాటలతో చెడిన పని మాటలతో బాగుపడేలా లేదు. జాన్ బీ ఇటూ అటూ చూసింది. రెండో మూటను సర్దింది. కూతురిని పక్కన వేసుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని, ఆ గోలలో, ఆ సిపాయిల బూట్ల చప్పుడులో, ఆ మూట మీద తల పెట్టి పడుకుంది.

"నిద్రపోయినట్టు నటించిన్నా? నటిస్తె ఆయనకు ఎర్కగాదా బిడ్డా? ఊరందరి నిద్రల కోసం పరుపులు జేసేటోడు. పెండ్లాం నిద్ర ఎర్కుండదా?" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నిజంగానే నిద్రపోయింది. పొద్దున్నుంచీ మూటలు మోసిన ఒళ్లు, పడుకున్న చోటే గుంట చేసుకునే ఒళ్లు. గురక కూడా పెట్టిందని తర్వాత ఆయనే చెప్పాడట.

మెలకువ వచ్చేసరికి ఎండ ప్లాట్‌ఫారం అవతలి అంచుకు జరిగి ఉంది. జనం పలచబడ్డారు. కర్నూలు బండి వచ్చింది, పోయింది. ఇమాం వలి ఆమెను లేపలేదు. కూతురిని ఒళ్లో పెట్టుకుని విసురుతూ కూచుని ఉన్నాడు. ఈమె కళ్లు తెరవడం చూసి నోరు తెరిచాడు.

"తుకారాం ఆ విల్లును తడి గోడకు ఆనిచ్చి పెట్టిండో ఏమో. వానికి ఏం తెలుస్తది? టీచరమ్మ దూదిల ఈపాటికి ఎలుకలు పడ్డయో. పిల్లకు ఎండ తగిలింది, ఒళ్లు కాలుతున్నట్టున్నది సూడు. తాళంచెయ్యి ఒకటే ఉండె, వాడు యాడన్న పోగొడ్తె..."

జాన్ బీ ఆ మాటలు అన్నీ చివరిదాకా విన్నది. అంత హాయిగా ఎప్పుడూ వినలేదంటుంది. అంతా అయ్యాక, "ఏం గాదు, పా," అని పిల్లను ఎత్తుకుంది.

సందులోకి తిరిగి వస్తుంటే తుకారాం చూసి, విల్లు బట్ట విప్పకుండానే మంచం మీద పడుకోబెట్టానని, తాను కింద కూచున్నానని చెప్పాడు. ఎలీసబెతు టీచరమ్మ పరుపు నాలుగు రోజులు ఆలస్యంగా పోయింది. ఎందుకు ఆలస్యమైందో విని ఆమె ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది. చిన్నాయన వాళ్లు దీపావళి నాటికి వచ్చి రెండు నెలలు ఈ ఇంట్లోనే ఉన్నారు. ఇమాం వలి ఆ రెండు నెలలూ వాళ్ల కోసం దిగులుపడుతూనే వాళ్ల కొడుక్కి విల్లు పట్టడం నేర్పాడు.

ఇదంతా తన ధైర్యం అనుకోవద్దని జాన్ బీ గట్టిగా చెప్పింది. భయం లేనివాళ్లందరూ బతకలేదు, భయపడి పోయినవాళ్లందరూ చెడలేదు. అదే సందులోంచి కర్నూలు పోయిన ఇంకో కుటుంబం అక్కడ బాగానే ఉంది. తనకు అప్పుడు ఏమీ కాదని ముందే తెలిసి కాదు, తన ఒళ్లు అంతే, తాపీగా వేడెక్కుతుంది. ఆయన ఒళ్లు తొందరగా వేడెక్కుతుంది. ఆయన ఉప్పు దాచకపోతే ఆ అయిదు రోజులూ చప్పిడి కూడే. తాను నిద్రపోకపోతే ఇప్పుడు ఈ చాప ఇక్కడ ఉండేది కాదు. ఎవరు గొప్ప అని అడిగితే ఆమెకు విసుగు. మళ్లీ ఎన్నడూ ఆయనలాగా ఉండాలని మాత్రం చూడలేదు, ఆయన కూడా ఆ గుండె మాట మళ్లీ ఎత్తలేదు.

చివరి కుట్టు వేసి, ముడి బిగించి, సూదిని గోడకు ఉన్న బట్టలో గుచ్చింది. ఎల్లుండి ఇమాం వలికి కంటి ఆపరేషన్. రెండు వారాలుగా ఆయన ఆ సంగతి ఇంట్లో చెప్పి, అయిపోయాక సందు మొగదల హోటల్లో చాయ్ తాగేవాళ్లందరికీ చెబుతున్నాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు. జాన్ బీ ఒళ్లో దూది పోగులు దులుపుకుని, గొంతు తగ్గించింది.

"నీకొక్కదానికే చెప్తున్న బిడ్డా. మూడు దినాల సంది నాకు నిద్ర పడుతలేదు. ముసలితనమో ఏమో, ఈసారి నాకే గుండె దడదడ అంటున్నది. నువ్వు ఆ హోటల్ ముంగటికెళ్లే పోతవు గద. నిన్ను ఆపుతడు. జాన్ బీ ఏం జేస్తున్నదని అడుగుతడు. పండుకున్నదని చెప్పు. తొందరపడి చెప్పకు, నవ్వుకుంట చెప్పు. గురక పెడుతున్నదని సుత చెప్పు. ఇగ పో, చాయ్ తాగి పొమ్మంటడు, తాగి పో."